కలపకూడని ఏళ్లు

మొన్న బుధవారం పొద్దున మా హెడ్ గుమాస్తా గారు పోయారు. పటమట నుంచి వాళ్ల పెద్దల్లుడు సైకిలు మీద వచ్చి కబురు చెప్పాడు. "ఆఖరి మాట కూడా వాన గురించేనండీ. మైలవరం వైపు పట్టిందా అని అడిగారు," అన్నాడు. నేను పడమరకి చూశాను. అటంతా నల్లగా పట్టి ఉంది.

ఆయన గురించి రాసే అర్హత నాకుందా అంటే, లేదు. కాలవల ఆఫీసులో పన్నెండేళ్లు ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. ఆయన ఏటి నీటిమట్టాల రిజిస్టర్లు రాసేవారు, నేను ప్లాన్లు గీసేవాణ్ణి. మధ్యాహ్నం క్యారియర్ విప్పే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. రిజిస్టరు తెరిచే ముందూ అంతే. "అంకెలకీ ప్రార్థనేనా అండీ?" అని ఏడిపించేవాణ్ణి. "అన్నం ఎలాగోలా అరుగుతుందయ్యా. తప్పుడు అంకె అరగదు," అనేవారు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో బుడమేరు ఒకసారి పొంగి, ఏటి పక్క పల్లంలో ఉన్న సాలెపేటలోకి నీళ్లు వచ్చాయి. మగ్గాల మీది పంచెలు బురదపాలయ్యాయి. కట్ట వేయించమని వాళ్లు అర్జీ పెట్టుకున్నారు. మా పై అధికారి చిటికెలో తేల్చేశాడు. రిజిస్టరు మొదలైన నాటి నుంచి ఏ ఏడు నీరు ఎంత ఎత్తు లేచిందో అన్నీ కలిపి సరాసరి తీయండి, దాని మీద రెండడుగులు వేసి కట్ట గీయండి అన్నాడు. మాకందరికీ సబబుగానే తోచింది, గుమాస్తా గారికి తప్ప.

మర్నాడు ఇంటి నుంచి గుప్పెడు చింతపిక్కలు తెచ్చారు. నీరు ఎక్కువ లేచిన ఏడుకి అరగదీసిన తెల్ల పిక్క, తక్కువ లేచిన ఏడుకి నల్ల పిక్క. ఏళ్ల వరసలో బల్ల మీద పేర్చారు. మొదట నల్లవి, అక్కడక్కడ ఒక తెల్లది. చివరికొచ్చేసరికి దాదాపు అన్నీ తెల్లవే. అధికారి చూసి నవ్వాడు. "కాకతాళీయం!" అన్నాడు.

"అదే చూద్దామండీ," అని ఈయన పిక్కలన్నీ చెంబులో పోసి, కలిపి, ఒక్కొక్కటే తీసి పేర్చడం మొదలుపెట్టారు. కాకతాళీయమే అయితే అలాంటి వరస ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పడాలి కదా. నెల రోజులు, భోజనాల వేళ, ఆ చెంబు గలగలే. మేం చాటుగా నవ్వుకున్నాం. ఒక్కసారైనా అలా పడలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ చప్పుడు వింటే నాకు నవ్వు పోయి గుబులు పట్టుకుంది.

ఒక ఆదివారం, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సెక్కి, బుడమేరు పుట్టే మైలవరం కొండల దాకా ఆయనే వెళ్లొచ్చారు. "కొండలు బోడిగుళ్లయ్యాయయ్యా. ఆ బస్సుకి బొగ్గెక్కడిదనుకున్నావ్? చెట్టు లేని కొండ మీద వాన ఆగదు, ఉన్నపళాన ఏట్లోకి దిగుతుంది. మన రిజిస్టర్లో ఉన్నది ఒక ఏరు కాదు, రెండు ఏళ్లు!" అన్నారు. పాత ఏళ్ల లెక్క తీసేసి, కొత్త ఏళ్ల మీదే కట్ట ఎత్తు తేల్చమని ఫైలులో రాశారు. ఎన్ని ఎక్కువ ఏళ్లు కలిపితే లెక్క అంత గట్టిదని అధికారి కొట్టేశాడు.

ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "బియ్యం, నూకలు కలిపి కొలిస్తే కుంచం నిండుతుంది గానీ అన్నం ఒక్కలా ఉడకదు నాయనా. ఆ గీత గీయకు."

నేను గీశాను. పిల్లలు గలవాణ్ణి, ఉద్యోగం కావాలి. ఆయన నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మరుసటేడు రిటైరయ్యారు, నా గీత ప్రకారం కట్ట లేచింది.

సమాధి దగ్గర పాస్టరు గారు వాక్యం చదువుతుంటే చుట్టూ చూశాను. సగం మంది సాలెపేట వాళ్లే. తర్వాత వాళ్లలో ఒక ముసలాయన నన్ను తన ఇంటికి తీసుకెళ్లాడు. "గుమాస్తా గారు వారం వారం వచ్చేవారండీ. ఈ కట్టని నమ్మొద్దు, నూలంతా అటక మీద పెట్టుకోండి అనేవారు. నూలంటే పెడతాం, మగ్గం గుంటని ఎత్తి ఎక్కడ పెడతామండీ? ఇంతకీ ఈ కట్ట కొలత వేసిన మహానుభావుడెవరో!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను తల దించుకున్నాను.

ముసలాయన మగ్గం ముందు కూర్చుని, అలవాటుగా కాళ్లు గుంటలోకి జార్చాడు. జార్చినవాడు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. పాదాల నుంచి బురదనీరు కారుతోంది.

"ఇక్కడ చుక్క పడి పది రోజులైంది కదండీ!" అన్నాడు నా మొహంలోకి చూస్తూ.

నేను వంగి చూశాను. గుంట అడుగున, కాళ్లతో తొక్కే చెక్కలు రెండూ నీళ్లలో తేలుతున్నాయి. మేం చూస్తుండగానే అవి మెల్లగా పైకి లేస్తున్నాయి.