పొడుగు బాబుకి దిష్టి తీసిన రోజు

ఆ రోజుల్లో, అంటే కరోనా మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందకి దిగుతున్న రోజుల్లో, దుబాయ్‌లో నా అంత తెలివైన డ్రైవర్ లేడని నాకో గట్టి నమ్మకం. (‘ఆ రోజుల్లో’ అన్నానని పళ్ళూడిన ముసలాణ్ణి అనుకోకండి. గల్ఫ్‌లో నాలుగేళ్ళంటే ఊళ్ళో నలభై ఏళ్ళ కింద లెక్క.) డిగ్రీ ఉంది, ఇంగ్లీషు వచ్చు, మూఢనమ్మకాలంటే ఒళ్ళు మంట. ఒక బాస్కెట్‌బాల్ జట్టు వాళ్ళు నన్ను పనిలో పెట్టుకున్నారు. లిథువేనియా నుంచి తెచ్చుకున్న ఆటగాణ్ణి ఫ్లాట్ నుంచి స్టేడియానికి, స్టేడియం నుంచి ఫ్లాట్‌కి తిప్పడం నా ఉద్యోగం. ఆయన కారెక్కడమే ఒక వేడుక. ముందు కాళ్ళు వచ్చేవి, తర్వాత మోకాళ్ళు, చాలాసేపటికి తల. ఆయనకి వంటమనిషి కావాలంటే మా పిన్నిని నేనే కుదిర్చాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి దుబాయ్ ఇళ్ళల్లో వండి వండి ఆరితేరిన చెయ్యి ఆమెది. ఆయన పేరు నోరు తిరగక, మొదటి రోజే ‘పొడుగు బాబు’ అని నామకరణం చేసేసింది.

పొడుగు బాబు చిన్నప్పుడు గొడ్ల కొట్టం గోడకి రింగు కొట్టుకుని ఆడాడట. అక్కణ్ణుంచి ఊరి జట్టు, పట్నం జట్టు, ఆపైన తిరగని దేశం లేదు. “మా దేశంలో బాస్కెట్‌బాల్ రెండో మతం” అనేవాడు. (“మరి మొదటి మతంలో మొక్కుకోవచ్చు కదరా” అనేది పిన్ని.) వాళ్ళ ఊరి బీట్‌రూట్ చారు ఎలా చేయాలో ఫోన్‌లో చూపించాడు. గులాబీ రంగులో, చల్లగా, పెరుగు వేసి ఉంటుంది. పిన్ని అంతా శ్రద్ధగా చూసి, అచ్చం అలాగే చేసి, చివర్లో ఆవాలు కరివేపాకు పోపు పెట్టింది. పోపు లేకపోతే అది చారెలా అవుతుందని ఆమె వాదన. ఆయన రెండు గిన్నెలు తాగాడు.

అలాంటి మనిషికి ఆ సీజన్‌లో ఉన్నట్టుండి బంతి పడడం మానేసింది. ఫ్రీ త్రో అని ఒకటుంటుంది. ఎవరూ అడ్డం రారు, తీరిగ్గా నిలబడి రింగులో వేయడమే. అవి కూడా తప్పిపోతున్నాయి. కారులో నవ్వడం మానేశాడు, ఇంట్లో చారు వదిలేస్తున్నాడు. మా ముదీర్, అంటే జట్టు మేనేజర్, నాతో మొహం మీదే చెప్పాడు: “రేపటి మ్యాచ్‌లో కూడా ఇంతే అయితే ఖలాస్. ఇంటికి పంపేస్తాం.” ఆయన వెళ్ళిపోతే డ్రైవర్ దేనికి, వంటమనిషి దేనికి? ఆ మాట పిన్నికి చేరవేశాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

“దిష్టిరా అది. అంత పొడుగు మనిషి మాల్‌లో నడుత్తుంటే ఎంతమంది తలెత్తి సూత్తారో నువ్వు సూళ్ళేదూ?”

“పిన్నీ, నువ్వు వారం వారం చర్చికెళ్ళే మనిషివి.”

“అది దేవుడి సంగతి. ఇది దిష్టి సంగతి. మిరపకాయలు కాలిత్తే ఘాటు రాలేదనుకో, దిష్టి ఉన్నట్టే. వచ్చిందనుకో, లేనట్టు. నువ్వు ఆ బాబుకి ఇంగిలీషులో చెప్పు.”

మూఢనమ్మకాలు గిట్టని నేను ఇంగ్లీషులో ఏం చెప్పానంటే, ఇది భారతదేశపు ప్రాచీన ఫిజియోథెరపీ అని. పాపం, ఆయన బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నా తల అందక పిన్ని స్టూలెక్కి, గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని చుట్టూ తిప్పి, “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మాల్ దిష్టి” అంటూ దిగింది. నిప్పులెక్కడివి దుబాయ్ ఫ్లాట్‌లో? కరెంటు పొయ్యి మీద మూకుడు కాగుతోంది. గుప్పెడూ అందులో పోసింది.

ఆ టవర్‌లో పొగ అలారం ఉంటుందన్న సంగతి డిగ్రీ చదివిన నాకు గుర్తుండాల్సింది. అది మోగడం మొదలుపెట్టాక లిఫ్టులు ఆగిపోయాయి. అన్ని అంతస్తుల వాళ్ళూ దగ్గుకుంటూ మెట్లమీద పడ్డారు. ఒకాయన ఒంటికి తువ్వాలు, చేతిలో చిలక పంజరం. అందరికన్నా ఎత్తున మా పొడుగు బాబు తల, కళ్ళు ఎర్రగా, ముక్కు ధారగా. ఆయన వెనకే మూకుడు వదలకుండా పిన్ని. అగ్నిమాపక అధికారి, అరబ్బాయన, మూకుడులోకి తొంగిచూసి మూడుసార్లు తుమ్మాడు. నేను సగం ఇంగ్లీషులో, సగం సైగలతో చెప్పాను. ఆయన మొహం విప్పారింది. “దిష్టా! మా అమ్మా తీస్తుంది. కానీ మేము సాంబ్రాణి వేస్తాం, మిరపకాయలు కాదు. యల్లా, ఇక పదండి, ఇంకోసారి ఇలా చేయకండి” అని గట్టిగా మందలించి వెళ్ళాడు. ముదీర్ మాత్రం వచ్చి, “రేపు వాడు ఓడాడా, ముగ్గురికీ ఒకే విమానం” అన్నాడు.

పేవ్‌మెంట్ మీద కూలబడి నేను విసుక్కున్నాను. “చూశావా పిన్నీ, ఊరంతా ఘాటే! అంటే నీ లెక్క ప్రకారం దిష్టే లేదు.”

పిన్ని మూకుడులోకి మళ్ళీ ఒకసారి తొంగిచూసింది. “అవున్రా. అయితే ఈ బాబుకి ఏమీ లేదన్నమాట. శుభ్రంగా ఉన్నాడు.”

ఏమంటోందని పొడుగు బాబు అడిగాడు. పరీక్ష చేసింది, నీలో ఏ లోపమూ లేదని తేలింది, బిల్డింగంతా సాక్ష్యం అన్నాను. ఆయన నా వంక చూశాడు, మూకుడు వంక చూశాడు, చిలక వంక చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఎన్ని వారాల నవ్వు దాచుకున్నాడో మరి, కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుకుంటూ, పిన్ని భుజం పట్టుకుని నవ్వాడు. ఆ మధ్యాహ్నం చారు అడిగి తాగాడు.

మర్నాడు మ్యాచ్‌లో ఫ్రీ త్రో వేయడానికి నిలబడి, పైన కూర్చున్న మా వైపు చూసి ఉత్తుత్తిగా రెండుసార్లు దగ్గాడు. పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బంతి పడింది. ఆ తర్వాతదీ పడింది. నిజం చెప్పాలంటే జట్టు ఓడిపోయింది, కానీ ఆయన ఆట చూసి ముదీర్ విమానం మాట మళ్ళీ ఎత్తలేదు. సీజన్ ముగిసేదాకా ఆయన ఉన్నాడు, మేమూ ఉన్నాం. ఆ తర్వాత ఇంకో దేశం జట్టు పిలిస్తే వెళ్ళాడు.

ఇప్పుడు నేను దుబాయ్‌లోనే, డేరా అనే పేటలో ఒక ఆఫీసులో డ్రైవర్లకి డ్యూటీలు వేస్తున్నాను. మొన్న పొడుగు బాబు దగ్గర నుంచి మెసేజ్: సొంత ఊరి జట్టులోనే ఆడుతున్నాను, మోకాళ్ళు ఇక వద్దంటున్నాయి, రేపటిదే ఆఖరి ఆట, పిన్నికి చెప్పు. మనసు అదోలా అయిపోయింది. ఎవరూ చూడకుండా గుప్పెడు ఉప్పు తీసి, ఫోన్‌లో ఆయన ఫొటో పెట్టుకుని చుట్టూ తిప్పి, సింకులో పోసి, పిన్నికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

“మిరపకాయలు కాల్చేవా?”

“లేదు పిన్నీ. అలారం...”

“మరి ఆ బాబుకి ఏం లేదని ఎలా తెలుత్తాదిరా?”

నిజమే కదా అనిపించింది. ఒకే ఒక్క మిరపకాయ, కొవ్వొత్తి పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను, డిగ్రీ చదివినవాణ్ణి, మూఢనమ్మకాలు గిట్టనివాణ్ణి. ఘాటు బ్రహ్మాండంగా వచ్చింది. దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడి నవ్వుకున్నాను. మా పొడుగు బాబు శుభ్రంగా ఉన్నాడు.