మరవకు అడ్డం పెట్టిన మూటలు

మొన్న మదనపల్లెలో మబ్బు పట్టగానే మిద్దె మీదికి పరుగెత్తి, నీళ్ళు పోయే గొట్టానికి అడ్డంపడిన ఆకులు తీశాను. "చినుకైనా పడలేదు, యాలత్తా ఆ ఉలుకు?" అని మా కోడలు నవ్వింది. ఆ ఉలుకు ఆమె మొగుడు నాలుగు నెలల బిడ్డగా ఉన్నప్పటిది.

తొంభైల చివర, పుంగనూరు పక్కన మా పల్లెలో మూడేండ్లు వానల్లేవు. వాటర్‌షెడ్ పనిలో ఊరంతా చేరి రెండు గుట్టల మధ్య మట్టికట్ట వేశాం. కుంట నిండితే మిగులు నీళ్ళు వంకలోకి పొర్లిపోవడానికి ఒక కొసన రాతి మరవ కట్టారు. కమిటీకీ, భజన గుంపుకూ మా మామే పెద్ద. మరవ జోలికి పోవద్దని ఇంజనీరు మరీ మరీ చెప్పాడు. "కొళాయి నీళ్ళు తాగే సారుకు మన దప్పి ఏం తెలుసప్పా?" అన్నాడు మామ. చుక్క కూడా పోకూడదని మరవ నిండా ఇసుక మూటలు పేర్చాం. గోవిందలు పలుకుతూ మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆపైన వానకోసం ఏడు రోజులు విడవకుండా భజన చేశాం.

దేవుడు విన్నాడు. తొమ్మిదో నాడు పొద్దున పట్టుకున్న వాన మధ్యాహ్నానికీ తెరిపి ఇవ్వలేదు. నీళ్ళు కట్ట అంచుకు జానెడు కింద దాకా ఎక్కాయి. జనం కట్ట మీద గంతులేస్తున్నారు. బిడ్డ ఏడుస్తున్నాడేమోనని నేను ఇంటివైపు దిగాను. మాది కట్ట కింద మొదటి ఇల్లు. దిగుతూ చూస్తే, కట్ట అడుగున వేలు పట్టేంత బొక్కలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఎర్రటి నీళ్ళు. కట్ట లోపల మట్టి కరుగుతోంది.

బిడ్డనైతే ఎత్తుకుని పరుగెత్తగలను, మంచాన పడిన అత్తను మోయగలనా? మా ఇంటి వెనక ఇంకా ఇరవై ఇండ్లున్నాయి. వాన కావాలని అరిచిన నోటితో వాన ఆపమని దేవుణ్ణి అడగడానికే భయమేసింది. గోకులంలోనైతే కొండ ఎత్తేవాడు ఉన్నాడు. మాకున్నది మామ ఒక్కడే. మళ్ళీ కట్ట మీదికి, ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"మూటలు తీసేయండి మామా! బిడ్డ ఆడ ఉండాడు!"

"తీస్తే పోయే నీళ్ళు మళ్ళా నువ్వు తెస్తావామ్మా?"

"కిందికొచ్చి సూడు మామా, మట్టినీళ్ళు వస్తాండాయి!"

ఆయన దిగి వచ్చి దోసిలి పట్టాడు. దోసిట్లో ఎర్రమన్ను తేలింది. "కొడవళ్ళు తేండప్పా!" అని అరుస్తూ మరవలోకి దిగాడు. నడుముకు మోకు కట్టుకుని, నానిన మూటలు లేవవని కొడవలితో ఒక్కొక్కటే చీల్చాడు. నాలుగో మూట తెగగానే నీళ్ళు గర్జించి వంకలో పడ్డాయి. మూడేండ్ల కోరిక అట్లా పోతుంటే ఆడవాళ్ళు ఏడ్చారు. నేను బొక్కవైపే చూస్తున్నాను. పొద్దు వాలేవేళకు అది చెమ్మగా మిగిలింది. కట్ట నిలిచింది.

అప్పటినుంచి దేవుణ్ణి ఏదడిగినా ఎంత కావాలో కూడా చెబుతున్నాను. మామ పోయి చాలా ఏండ్లయింది, నా తల నెరిసింది. ఆ మధ్యాహ్నపు భయం మాత్రం ఒక్కరోజు కూడా పాతబడలేదు.