చీతాకు నచ్చిన చొక్కా

ఎనభైల మొదట్లో గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక కంపెనీ గుమాస్తాగా ఉండేవాణ్ణి. మేముండే క్యాంపులో కెమెరా ఉన్నది నాకొక్కడికే. ఒక శుక్రవారం మేనేజరు కబురు పెట్టాడు. ఆఫ్రికా నుంచి తెప్పించిన చీతాను, మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, అంటే కఫీల్, ఎడారిలో జింక మీదికి వదులుతాడట, నేను ఫోటో తీయాలట. సెలవునాడు క్యాంపులో మేమే మేకను కోసుకునేవాళ్లం. మాంసం కొట్టినప్పటి నెత్తుటి మరకల చొక్కాతోనే వెళ్లాను.

చీతా జింకను ఒకసారి చూసి, నా వైపు నడిచింది. మేనేజరు కారు అద్దం ఎత్తుకుంటూ, "యల్లా, ఫోటో తియ్!" అని అరిచాడు.

కారెక్కేసిన మా వంటమనిషి రాజన్న, "ఉరుకకు సారూ! ఉరికితే ఎంబడి వడ్తది!" అన్నాడు.

కాళ్లు ఎలాగూ కదలడం లేదు కాబట్టి ఆ సలహా పాటించాను. చీతా నా చొక్కా ముందుభాగాన్ని పళ్లతో చింపి, నములుతూ కూర్చుంది. జింక దూరం నుంచి చూస్తోంది. కాపలావాడు వచ్చి గొలుసు వేశాడు.

అప్పుడు మేనేజరు కారు దిగాడు. "ఏక్ భీ ఫోటో నహీ? అంత దగ్గరికొస్తే కూడానా? ఇంకోసారైతే ఖలాస్, ఇంటికే!"

ఇప్పటికీ పత్రికలో వేట ఫోటో కనిపిస్తే అందరూ జింక బతికిందా అని అడుగుతారు. నేను ఫోటో తీసినవాడి గురించి అడుగుతాను.