పదకొండు అడుగుల సందు

మొన్న కంప్యూటర్‌లో చోటు నిండిపోయింది, అక్కరలేనివి తీసెయ్యమని అడిగింది. అన్నిటికన్నా ఎక్కువ చోటు తింటున్నది నేను కట్టిన ఊరే. మీట మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.

ఆ ఊరు భూమ్మీద ఎక్కడా లేదు. ఆత్మకూరు నెట్ సెంటర్‌లో మా అన్న ఆడిన తుపాకుల ఆటలోది. రెండు జట్లు పరుగెత్తుతూ కాల్చుకునే ఇసుకరంగు బజారు. నేను అక్కడే హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదివేదాన్ని. శనివారాలు నన్ను ఉదయగిరిలో మా ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి, బస్సు టైమయ్యేదాకా అన్న ఆటలో కూర్చునేవాడు. అంతమంది మగపిల్లల మధ్య తల ఎత్తలేక, నేను వెనక స్టూలు మీద డైరీలో ఆ ఊరి పటం గీసుకునేదాన్ని. ఎప్పుడూ ఎవడో ఒకడు కాచుకొని ఉంటాడని ఒక మూలకు వాళ్లు బస్టాండని పేరు పెట్టారు. ఒకరోజు టీ, బన్ను పందెం కట్టి, అన్న నా చున్నీతో కళ్లకు గంతలు కట్టించుకున్నాడు. హెడ్‌ఫోన్లలో అడుగుల చప్పుడు వింటూ ఈ కొస నుంచి ఆ కొసకు పోయాడు. "ఈ ఊళ్లో నాకు కండ్లతో పనేందిరా? కావాలంటే మీరే పెట్టుకోండి," అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

పోయినేడు కంటి నరాల జబ్బుతో అన్నకు చూపు పూర్తిగా పోయింది. దొడ్లోకి పోవాలన్నా అమ్మ చెయ్యి పట్టుకోవాలి; పట్టుకున్నప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటాడు. ఒక్క చోటన్నా వాడు ఎవరి చెయ్యీ లేకుండా నడవాలనిపించింది. పాత ఆట మా కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. కొత్త ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకొని, డైరీలు ముందేసుకొని, ఎనిమిది నెలలు ఆ ఊరిని మళ్లీ కట్టాను. గోడల పెచ్చులు, పరదాల నీడలు అన్నీ దించాను. ఎవరికోసం కడుతున్నానో మరిచిపోయి, మధ్యాహ్నపు ఎండ కుదరడానికే నెల రోజులు పెట్టాను.

హెడ్‌ఫోన్లు తగిలించగానే అన్న వేళ్లు వాటంతట అవే మీటలు వెతుక్కున్నాయి. మొహం విచ్చుకుంది.

"మెట్లు దిగినాక సందు పదకొండు అడుగులుమే. ఆడ ఎడమకి తిరిగితే బస్టాండే."

పదకొండు లెక్కపెట్టి తిరిగాడు. గోడ. వెనక్కి వచ్చి మళ్లీ లెక్కపెట్టాడు. గోడ. కొత్త ఆటలో మనిషి ఒళ్లు పెద్దది, సందుల్లో ఇరుక్కుపోతుంటే కట్టేటప్పుడే ఊరంతా కాస్త సాగదీశాను. కంటికి తేడా కనపడలేదు.

"చెయ్యి పట్టుకొని తిప్పనా అన్నా?" నోరు జారింది.

"ఈడ కూడానా?" అన్నాడు.

ఆ మాటకు నేను ఇంకా తేరుకోలేదు. సాయంత్రానికల్లా సరిచేస్తానని, ఎక్కడ ఎన్ని అడుగులో చెప్పమని బతిమాలాను. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"పదకొండో, పదమూడో. ఇప్పుడు నాకే తెలీకుండా ఉండాది. నీది నడిచినాక పాతది తప్పిపోయిందిమే."

డైరీలన్నీ తిరగేశాను. తలుపులున్నాయి, మెట్లున్నాయి, కిటికీ చువ్వలు కూడా ఉన్నాయి. అడుగులు ఒక్కచోటా రాసుకోలేదు.

ఇన్నేళ్లూ అన్న మనసులో కాలం ముట్టుకోకుండా వదిలేసిన ఒక్క చోటును ఎనిమిది నెలలు కష్టపడి నేనే చెరిపేశాను.