లీదియా చిగుళ్లు, లీదియా పాట

మా అమ్మమ్మ వాళ్ల అమ్మ లీదియా మార్కాపురం పక్కన పలకల గనిలో కూలికి పోయేది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజులవి. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆమే. ఆమె అందుకుంటే గాని తక్కినవాళ్ల నోరు పెగిలేది కాదని అమ్మమ్మ ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది.

ఆ గని కూలీలు పలకరాతి పొడితోనే పళ్లు తోముకునేవాళ్లు. పళ్లు తళతళలాడేవి. ముప్పై ఐదో ఏట లీదియాకు కింది చిగుళ్లలో నెత్తురు కనబడింది. తోమడం వల్లే పుండు పడిందనుకుని ఆ చోట వేలు పెట్టడమే మానేసింది. ఏడాది తిరిగేసరికి చిగుళ్లు వాచి, నోరు వాసన కొట్టి, ముందరి పళ్లు రెండు కదిలాయి. అవి ఊడితే పాటలో మాట పలకదేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. రెండు ఆదివారాలు వెనక వరుసలో నోరు మూసుకుని కూర్చుంది.

భర్త ఏబేలు ఆమెను రైలెక్కించి కంభం ఆసుపత్రికి తీసుకుపోయాడు. నర్సు జీవరత్నం నోరు తెరిపించి చూసింది.

"ఏందక్కా, ఇక్కడ తోమక ఎన్నాళ్లయింది?"

"నెత్తురొస్తాంటే ఎట్ల తోమేది తల్లీ?"

"మానినందుకే ముదిరింది. పంటి మొదట్లో పాచి పట్టి, గట్టిపడి గారయింది. దానికి చిగురు వాచి పంటిని వదిలేసింది. లోపల ఎముక కూడా కరిగిపోయింది."

"నా పళ్లు అద్దాల మాదిరి ఉన్నాయి గదమ్మా!"

"మెరిసేది పైనే. మీ రాతిపొడి చిగుళ్లను గీరింది గానీ, మొదట్లో పాచిని తీయలేదు."

జీవరత్నం పళ్లకు పట్టిన గార మొత్తం గీకి తీసింది. కదిలే రెండు పళ్లూ ఇక నిలవవని పీకేసింది. వేపపుల్ల కొస మెత్తగా నమిలి, రోజూ రెండు పూటలా చిగురు అంచున నెమ్మదిగా రుద్దమంది. తిన్నాక పుక్కిలించమంది. ఏడాదికోసారి వచ్చి గార తీయించుకోమంది. "నాలుగు రోజులు నెత్తురొచ్చినా మానొద్దు" అని మరీ మరీ చెప్పింది.

"మరి నా పాట?" అంది లీదియా.



మూడో ఆదివారం లీదియా ముందుకొచ్చి నిలబడింది. మొదటి మాటకే పళ్ల సందులోంచి గాలి ఈలగా వచ్చింది.

"ఏంది లీదియమ్మా, పిల్లనగ్రోవి గూడా తెచ్చినావే!" అన్నాడు ముసలి యోబు.

చర్చంతా నవ్వింది. లీదియా కూడా కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వి, మళ్లీ మొదటినుంచి ఎత్తింది. ఈసారి అందరూ అందుకున్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు, మరో పన్ను ఊడకుండా, ఆమే పాట ఎత్తిందట.