మూడో అంతస్తుకు రాని ధర్మకర్తలు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, కలకత్తాలోని ఓ ఇంగ్లీషు దినపత్రికలో నన్ను న్యూస్ ఎడిటర్‌ని చేశారు. ఏ వార్త ఏ పేజీలో, ఎంత పెద్దగా రావాలో చూసే పని అది. సంపాదకుడి తర్వాతి కుర్చీ. మా పత్రికకు యజమాని లేడు, ట్రస్టు ఉంది. దాని దస్తావేజు ప్రకారం ధర్మకర్తలు వార్తల్లో వేలు పెట్టకూడదు. అందరూ ఒక్కటైతే తప్ప సంపాదకుణ్ణి తీసేయకూడదు. ఇవి కాక, ఎక్కడా రాయని ఆచారం ఒకటుండేది. ధర్మకర్తలు మూడో అంతస్తులోని న్యూస్‌రూమ్‌కి ఎక్కిరారు. ఏదైనా కోరడానికి సంపాదకుడు వాళ్లుండే మొదటి అంతస్తుకు దిగడు. మిగతా పత్రికలవాళ్లు మమ్మల్ని చూసి కుళ్లుకునేవారు. మాకూ కాస్త పొగరుండేది.

ఆ ఏడు వానల్లో, కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో ఓ జూట్ మిల్లు గోడ కూలి ఇద్దరు కూలీలు పోయారు. ప్రమాదం మిల్లు బయటెక్కడో జరిగిందని యాజమాన్యం బుకాయించింది. అక్కడి మా స్ట్రింగర్ అప్పారావు లోపలికెళ్లి, చూసి, రాశాడు. స్ట్రింగరంటే వార్తకింత అని పుచ్చుకునే విలేకరి, ఉద్యోగి కాడు. ఆ మిల్లు యజమాని మా ట్రస్టు అధ్యక్షుడికి వియ్యంకుడు. అధ్యక్షుడు మెట్ల మలుపు దాకా వచ్చి, కాసేపు నిలబడి, దిగిపోయారు. వార్త మొదటి పేజీలో వేశాం. ఆ పూట గర్వంగానే అనిపించింది.

నెల తిరక్కుండా, పొదుపు పేరుతో మేనేజర్ అప్పారావు ఒప్పందాన్ని రద్దు చేశాడు. ఒప్పందాలు మేనేజర్ చేతిలోవి కాబట్టి దస్తావేజుకు ఏ భంగమూ కలగలేదు. కిందికి వెళ్లి అధ్యక్షుణ్ణి ఒక్క మాట అడగమని సంపాదకుణ్ణి బతిమాలాను. ఇవాళ మనమొకటి అడిగితే రేపు వాళ్లొకటి అడుగుతారని ఆయనన్నారు. అది తప్పని అనలేకపోయాను. నాకు చాలా బాధేసింది.

వాట్‌గంజ్‌లో మా ఇంటి పక్క టీకొట్టు దగ్గర అప్పారావుకి ఆ కబురు నేనే చెప్పాను. విని, "ఎడిటర్ గారి కుర్సీకి కాపలా ఉన్నాది దాదా. నాకు కుర్సీయే నేదు కదా" అన్నాడు. ఇక మిల్లు కూలీలు ఎవరికి చెప్పుకుంటారని కూడా అడిగాడు.

ఈ రోజుకీ యజమాని పత్రిక కంటే ట్రస్టు పత్రికే మేలంటాను. అయితే దస్తావేజు రాసేటప్పుడు, సంపాదకుడితో పాటు వార్త తెచ్చేవాడి పనికీ రక్షణ రాయాలి. తర్వాత అదే మిల్లులో ఓ షెడ్డు కూలిందని చాలా రోజులకు వాట్‌గంజ్‌లో ఎవరో అంటే విన్నాను. మా పత్రికలో ఆ వార్త రాలేదు. దాన్ని ఎవరూ ఆపలేదు. మాకు చెప్పేవాడు లేడు.