కింది సగం లేని పాలరాతి బొమ్మ

2010 మే నెలలో నన్ను మూడు వారాల పనిమీద గ్రీసు దేశపు ఒక చిన్న ద్వీపానికి పంపారు. అప్పుడు నేను మిషిగన్‌లో ఒక మ్యూజియంలో కన్సర్వేషన్ టెక్నీషియన్‌ని. విరిగిన పాత వస్తువులను శుభ్రపరచి అతికే ఉద్యోగమది. బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకున్న నాకు ఆ పని నేర్పింది మా చీఫ్ డాక్టర్ సరళగారు. నేటికీ పూజలో ఆవిడకొక నమస్కారం పెట్టుకుంటాను.

నిజానికి అది ఆవిడ వెళ్లవలసిన ప్రయాణం. ఆవిడకు కాన్సర్ ముదరడంతో నేను వెళ్లాను. మా మ్యూజియంలో నాలుగున్నర వేల ఏళ్లనాటి పాలరాతి స్త్రీమూర్తి ఉంది, నడుము వరకే. ముప్పై ఏళ్ల కిందట సరళగారు దానికి ప్లాస్టర్ కాళ్లు చేసి అతికించారు. అసలు కాళ్లు ఆ ద్వీపపు తవ్వకాల్లో దొరుకుతాయని ఆవిడ నమ్మకం. పోయేలోగా చూడాలని కోరిక.

విరిగిన అంచుకు అప్పట్లో ఆవిడ తీసి దాచిన అచ్చు పట్టుకెళ్లాను. అక్కడ తవ్వకాల్లో దొరికినవి దాచిన స్టోర్‌రూమ్‌లోని ప్రతి ముక్కకూ దాన్ని ఆనించి చూశాను, దేవుణ్ణి తలచుకుంటూనే. ఒక్కటీ కలవలేదు.

చివరి రోజు తవ్వకాల అధికారిణి నన్ను ముక్కలు దొరికిన చోటుకు తీసుకెళ్లింది. చెట్టు లేని రాతి వాలు, విడవని గాలి, కింద సముద్రం. ఇక్కడి ముక్కలు ఒకదానికొకటి అతకవనీ, విరిచినప్పుడు రాలే పెచ్చులు కూడా ఇక్కడ లేవనీ చెప్పింది. ఆ కాలంవాళ్లు వేరే దీవుల్లో ఏదో పూజలో భాగంగా కావాలనే విరిచి, ఒక్కో బొమ్మ నుంచి ఒక్కో ముక్కనే పడవలో తెచ్చి ఇక్కడ ఉంచారట. మా బొమ్మ అక్కడిదే అయితే దాని కాళ్లు అక్కడికి రానే లేదు.

అక్కడే రాళ్లమీద కూర్చుండిపోయాను. మన ఇళ్లలో భిన్నమైన విగ్రహాన్ని పూజలో ఉంచం, భక్తితోనే నీళ్లలో వదులుతాం. నాకు ముందే తట్టవలసింది. అతకడమే పనైపోయి, విరిగిందల్లా ప్రమాదమే అనుకున్నాను.

మిషిగన్‌ తిరిగొచ్చి, నోవై ఊళ్లో ఆవిడ ఇంటికి వెళ్లాను. ఇంకా చూడవలసిన ముక్కల పెట్టెలున్నాయని అబద్ధం చెప్పేద్దామని దారంతా అనుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, "నన్ను ఓదార్చకు, అమ్మాయ్. రిపోర్ట్ చెప్పు" అన్నారు.

చెప్పాను.

"అయితే ముప్పై ఏళ్లుగా జనం నా మోకాళ్లనే మెచ్చుకున్నారన్నమాట" అని ఆవిడ నవ్వబోయి దగ్గారు. తర్వాత, "ఆ కాళ్లు రిమూవ్ చేసెయ్. నేనుండగానే చెయ్యి" అన్నారు.

అతికినదేదైనా మళ్లీ ఊడదీయగలిగేలా ఉండాలన్నది మా వృత్తి నియమం. ఆవిడ వాడిన జిగురు, గోళ్లరంగు తుడిచే అసిటోన్‌కు కరుగుతుంది. దూదితో తడుపుతూ రెండు రోజుల్లో ఊడదీసి, ఫోటో పంపాను. నీట్‌గా వచ్చిందని కబురు చేశారు. ఆ తర్వాత తొమ్మిదో రోజున పోయారు.

లేని భాగాన్ని ఎంత అందంగా చేసినా అది మనదే తప్ప వస్తువుది కాదని ఆ పని నాకు నేర్పింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఇది విరిగిందా, విరిచారా అన్నది కాగితం మీద రాశాకే జిగురు సీసా మూత తీశాను.